కొల్ల అన్న మాట ఊరికే వాడకు, తల్లీ

అమ్మలూ,

నువ్వు పత్రిక డెస్కులో చేరినప్పటి నుంచి నీ పేజీని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతున్నాను. వాక్యం కుదురుగా ఉంటోంది, అచ్చుతప్పులు కనబడటం లేదు, పల్లెటూరి వార్తను కూడా శ్రద్ధగా దిద్దుతున్నావు. చాలా సంతోషం. ఇంత బాగా పనిచేసే పిల్లవు గనకనే ఒక సంగతి నీ చెవిన వేయాలనిపించింది. పెద్దవాడి చాదస్తం అనుకోకుండా కాస్త ఓపికగా విను.

మొన్న సినిమా పేజీలో 'బాక్సాఫీసును కొల్లగొట్టిన హీరో' అని శీర్షిక వచ్చింది. అదే రోజు జిల్లా పేజీలో 'మిర్చి రైతును కొల్లగొడుతున్న దళారులు' అని మరొకటి. రెండుచోట్లా ఒకటే క్రియ. ఒకచోట అది పొగడ్త, మరోచోట నేరారోపణ. టిక్కెట్టు కొనుక్కుని ఇష్టంగా సినిమా చూసినవాణ్ణీ, ఏడాది కష్టం తూకంలో పోగొట్టుకున్నవాణ్ణీ ఒకే మాట కిందికి తెచ్చాం. ఇలా నెలల తరబడి చదివిన పాఠకుడికి కొల్లగొట్టడమంటే గట్టిగా సంపాదించడమనే అర్థమే మిగులుతుంది. అప్పుడు రైతు వార్త చదివినా అతనికి కోపం రాదు.

నా హితవు ఇంతే. దోపిడీని చెప్పే మాట ఏది రాసినా ముందు మూడు ప్రశ్నలు వేసుకో. దోచినవాడు ఎవడు? దోచుకోబడ్డవాడు ఎవడు? పోయినదేమిటి? మూడింటికీ జవాబు దొరికితే జంకకుండా రాయి. దొరక్కపోతే వేరే మాట వెతుక్కో.

ఈ అర్థానికి మనకు మాటలకు కొదవ లేదు. కొల్ల, చూఱ, దోపిడి, లూటీ. వీటిలో కొల్ల మన దక్షిణాది భాషల సొంత మాట. తమిళులు కొళ్ళై అంటారు, కన్నడిగులు కొళ్ళె అంటారు. ఊరి మీద పడి పశువుల్ని తోలుకుపోవడం, ధాన్యం ఎత్తుకుపోవడం, దొరికిన నగానట్రా లాక్కుపోవడం, ఇదంతా కొల్ల. కొల్లగొను, కొల్లగొట్టు, కొల్లలాడు అన్నవి దాని సంతానం. మామిడికాయలు కొల్లలుగా కాశాయని మనం సంతోషంగా చెప్పుకునే మాట కూడా దీని చుట్టమే. దోచి తెచ్చినవాడి ఇంట్లో సరుకు కుప్పలు పడి ఉంటుంది గనక సమృద్ధి అనే అర్థం పుట్టింది కాబోలు. ఒకటి గమనించు. ఆ సమృద్ధి దోచినవాడి గుమ్మంలో నిలబడి చూస్తేనే కనబడుతుంది. దోచుకోబడ్డవాడి గుమ్మంలో కనబడేది ఖాళీ గాదె.

చూఱ సంగతి చూడు. సభల వార్తల్లో 'అందరి మన్ననలు చూరగొన్నారు' అని రాస్తూనే ఉంటాం. ఒకప్పుడు చూఱగొనడమంటే బలవంతాన ఊడ్చుకుపోవడం. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువు తిరగేస్తే ఆ దోపిడీ అర్థం నీకే కనబడుతుంది. ఇవాళ అది ఎవరికీ స్ఫురించదు. మాటలు అలా మారుతూనే ఉంటాయి, దాన్ని వెనక్కి లాక్కురమ్మని నేను అడగను. ప్రేయసి మనసు దోచిందంటే కాదనీ అనను. వెన్నదొంగను నెత్తిన పెట్టుకున్న భాష మనది, ఆ ముద్దు మాటలో ఎవరికీ నష్టం లేదు. నా బెంగ వేరే. చూరగొనడం పోయిన దారినే ఇప్పుడు కొల్లగొట్టడం కూడా పోతోంది. ఊచకోత కూడా వసూళ్ళ మాట అయిపోయింది. జలియన్‌వాలా బాగ్‌లో 1919 ఏప్రిల్ 13న జరిగినదానికి వాడే మాటను ఒక వారాంతపు టిక్కెట్ల లెక్కకు వాడుతున్నాం. ఇవన్నీ అలా అరిగిపోతే, నిజంగా ఒక ఊరిని దోచిననాడు చెప్పడానికి ఏ మాట మిగులుతుంది తల్లీ?

ఈ మాటల వెనక ఏముందో మన సీమ చరిత్రే చెబుతుంది. 1816 మార్చిలో పిండారీలు గుంటూరు ప్రాంతం మీద పడ్డారు. నర్మదా తీరం నుంచి నిజాం రాజ్యం దాటి గుర్రాల మీద వచ్చిన దండు అది. వెంట గుడారాలుండవు, బరువు సామాన్లుండవు. దొరికినచోట తిండి, దొరికినచోట గడ్డి. ఈస్టిండియా కంపెనీ పటాలాలు కదిలి వచ్చేలోగా వాళ్ళు వచ్చిన పని ముగించుకుని వెళ్ళిపోయారు. రెండు వారాలైనా నిండని ఆ కాలంలో 339 ఊళ్ళు దోపిడీకి గురయ్యాయి. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 680 మందికి పైన. చిత్రహింసలు పడ్డవాళ్ళు సుమారు 3,600 మంది.

ఈ అంకెలను గబగబా దాటిపోకు. చనిపోయినవాళ్ళకంటే చిత్రహింసలు పడ్డవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకని? దండు వస్తోందని తెలిస్తే జనం సొమ్మును గోడల్లో, నేలలో, బావుల్లో దాచేవాళ్ళు. ఆ చోటు చెప్పించాలి. అందుకని వేడి బూడిద నింపిన సంచి ముఖానికి కట్టి ఊపిరాడకుండా చేసేవాళ్ళు. దొంగ ఎవరూ లేని వేళ వచ్చి వస్తువు తీసుకుపోతాడు. కొల్లగొట్టేవాడు మనిషి ఎదుటే నిలబడి, ఆ మనిషి నోటితోనే తన సొమ్ము చోటు చెప్పించి తీసుకుపోతాడు. సొమ్ముతోపాటు అభిమానమూ పోతుంది, ఇక ఈ ఇంట్లో భద్రంగా ఉండగలనన్న నమ్మకమూ పోతుంది. కొల్ల అనే మాటలో ఇదంతా ఉంది.

తర్వాత 1817, 1818 సంవత్సరాల్లో కంపెనీ సైన్యం పిండారీలను వెంటాడి అణచింది. వాళ్ళ నాయకుల్లో కరీంఖాన్ లొంగిపోయి గోరఖ్‌పూర్ వైపు భూములు పొందాడు. చీతూ అడవుల్లో తిరిగి తిరిగి పులి వాత పడ్డాడు. దోచినవాళ్ళకు పేర్లున్నాయి, కథలున్నాయి, కథకు ముగింపులు కూడా ఉన్నాయి. 339 ఊళ్ళవాళ్ళకు మిగిలింది ఒక అంకె. పిండారీ అన్న మాట మాత్రం మన నోళ్ళలో తిట్టుగా నిలిచింది. ఆ తిట్టే ఆ ఊళ్ళు మనకు వదిలి వెళ్ళిన సాక్ష్యం.

ఇంగ్లీషువాళ్ళకూ ఇలాంటి మాట ఒకటుంది, హావక్. వాన ఎక్కువ కురిసినా, బళ్ళు నిలిచిపోయినా ఇప్పుడు వాళ్ళ పత్రికల్లో అదే మాట. ఒకప్పుడు అది యుద్ధరంగంలో వేసే కేక. ఫ్రెంచివాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. ఆ కేక పడిందంటే సైనికులు వరస వదిలి దోపిడీకి దిగవచ్చునన్నమాట. దాని బలం ఎంతటిదంటే, 1385లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ తన సైన్యానికి పెట్టిన నియమాల్లో, ఆ కేక వేసే సాహసం చేసినవాడికి తల తీసే శిక్ష రాయించాడు. ఒక్క మాటతో ఎంత విధ్వంసం మొదలవుతుందో తెలిసినవాళ్ళు గనక మాటకే శిక్ష పెట్టారు.

వాళ్ళు మన దగ్గర నుంచి పట్టుకుపోయిన మాట ఇంకొకటుంది. సంస్కృతంలో లుంఠనం, హిందుస్తానీలో లూట్, మనకు లూటీ. 18వ శతాబ్దం చివరికల్లా అది ఇంగ్లీషులో చేరిపోయింది. ఆ మాటను ఎవరికి వాడారో చూడు. 1799 మే 4న టిప్పు సుల్తాను శ్రీరంగపట్నం కోట కంపెనీ సైన్యం చేతిలో పడిపోయింది. ఆ రాత్రి సైనికులు ఇళ్ళ మీద పడి చేతికందినది దోచుకున్నారు. ఆ తర్వాత అధికారులు టిప్పు ఖజానాను లెక్కగట్టి, హోదాలవారీగా వాటాలు వేసుకున్నారు. సేనాని హారిస్‌కు అందరికన్నా పెద్ద వాటా. సిపాయి చేసినదానికి లూట్ అని పేరు, అధికారులు పంచుకున్నదానికి ప్రైజ్ అని పేరు. పెద్ద దోపిడీకి ఎప్పుడూ ఇలా ఒక మర్యాద పేరు దొరుకుతుంది. నువ్వు కళ్ళు తెరుచుకుని ఉండాల్సింది ఇక్కడే.

ఎందుకంటే మాటను అతిగా వాడటం ఒక తప్పు అయితే, వాడాల్సినచోట మింగేయడం అంతకంటే పెద్ద తప్పు. కోహినూరు సంగతి తీసుకో. మన కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రతీతి ఉన్న రాయి. 1849 నాటి లాహోరు ఒప్పందం కింద అది విక్టోరియా రాణికి చేరింది. ఒప్పందంలో రాసుకున్న మాట మహారాజు 'అప్పగించాలి' అని. ఆ మహారాజు దులీప్ సింగ్‌కు అప్పటికి పదేళ్ళు. యుద్ధంలో రాజ్యం పోయింది, తల్లిని దూరం చేశారు, చుట్టూ గెలిచినవాళ్ళ పటాలాలు. అలాంటి పసివాడు అప్పగించాడట. 2016లో ఈ విషయం మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, అది దొంగిలించినది కాదు, బలవంతాన తీసుకున్నదీ కాదని ప్రభుత్వం తరఫునే వాదన వినిపించారు. దేశమంతా కలవరపడింది. వెంటనే సాంస్కృతిక శాఖ, ఆ వజ్రాన్ని స్నేహపూర్వకంగా వెనక్కి తెచ్చే ప్రయత్నం చేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఒక్క మాట ఎటు తూగితే హక్కు అటు తూగుతుందని ఇంతకంటే రుజువేం కావాలి?

అలాగని విదేశాలకు పోయిన ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టకు. అమరావతి స్తూపం సంగతి నెమ్మదిగా చదువు. 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ దొర అక్కడికి వచ్చేసరికే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తుండటంతో దిబ్బలోని రాళ్ళు కట్టడాలకు పోతున్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపాడు. 1859లో వాటిలో చాలాభాగం ఓడలో లండన్ వెళ్ళాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనవాళ్ళే పగలగొట్టినవి ఉన్నాయి, పరాయివాళ్ళు తీసుకుపోయినవి ఉన్నాయి, తీసుకుపోయినందువల్ల మిగిలాయని వాదించేవాళ్ళూ ఉన్నారు. అవి మన గడ్డ మీదికి తిరిగి రావాలనేదే నా కోరిక. అయినా ఆ కథ రాసేటప్పుడు ఒక్క మాటతో తేల్చేయకుండా, ఏ సంవత్సరంలో ఎవరు ఏం చేశారో వరసగా రాయి. వరస సరిగా ఉంటే పాఠకుడే తగిన మాట అనుకుంటాడు.

దోపిడీ అన్న మాట విలువ మన పెద్దలకు తెలుసు. దాదాభాయి నౌరోజీ 1901లో వేసిన పుస్తకంలో, ఏటా ఈ దేశపు సంపద ఎలా తరలిపోతోందో లెక్కలు కట్టి చూపించాడు. కత్తి దూయకుండా, కాగితాల మీద కూడా దేశాన్ని దోచవచ్చునని అప్పుడు జనానికి అర్థమైంది. తెలంగాణలో వెట్టిచాకిరీ చేసిన మనిషికి అది విధిరాత కాదు, దోపిడీ అని ఆంధ్ర మహాసభ సంఘం చెప్పింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం మనుషులు అడ్డం నిలబడ్డారు. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబులున్నాయి. దోచవచ్చినవాడున్నాడు, దోచుకోబడబోయిన ఆడమనిషి ఉంది, కళ్ళముందు గింజలున్నాయి. అలాంటిచోట మాటకు ఎంత బలం ఉంటుందో చూడు. చేసే చాకిరీకి సరైన పేరు తెలిసిన తరవాతే జనం తిరగబడ్డారు.

ఇప్పుడు నీ డెస్కు మీదికి రోజూ వచ్చే వార్తల సంగతికి వద్దాం. పోలీసులమని చెప్పి, వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరించి, ఒంటరి ముసలివాళ్ళ బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. కానీ మనం ఏమని రాస్తున్నాం? 'ఇరవై లక్షలు పోగొట్టుకున్న రిటైర్డు ఉద్యోగి' అని. పోగొట్టుకోవడమంటే ఆయన అజాగ్రత్తగా ఎక్కడో జారవిడిచినట్టు. జరిగింది అది కాదు. ఎవరో భయపెట్టి, గంటల తరబడి గదిలో కదలనీయకుండా కూర్చోబెట్టి, ఆయన చేతనే సొమ్ము పంపించుకున్నారు. 1816లో బూడిద సంచి చేసిన పని ఇప్పుడు ఫోను తెర చేస్తోంది. కాబట్టి 'దోచుకున్నారు' అని రాయి. చేసినవాడిని కర్తగా పెట్టు. పేరు తెలియకపోతే 'మోసగాళ్ళు' అను. సిగ్గుతో తలవంచుకున్న ఆ ఇంటివాళ్ళకు ఆ ఒక్క మార్పే ఎంతో ఊరట.

చిట్టీలవాడు పారిపోయినా, ప్లాట్లు చూపించి డబ్బు కట్టించుకున్నవాడు జెండా ఎత్తేసినా ఇదే సూత్రం. 'అవకతవకలు', 'నిధుల గోల్‌మాల్' వంటి మెత్తని మాటల వెనక ఎన్నో ఇళ్ళ పెళ్ళిళ్ళు, చదువులు ఆగిపోయి ఉంటాయి. అదే సమయంలో, నేరం రుజువు కానివాణ్ణి దొంగ అని ముద్ర వేయకు. ఆరోపణను ఆరోపణ అనే రాయి. చట్టంలో తేడాలు తెలుసుకో. దొంగతనం వేరు, బెదిరించి వసూలు చేయడం వేరు, బలప్రయోగంతో చేసే దోపిడీ వేరు. ఆ దోపిడీ ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి చేస్తేనే బందిపోటు నేరం. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఈ తేడాలు అలాగే ఉన్నాయి. జేబు కొట్టినవాణ్ణి బందిపోటు అని రాస్తే శీర్షికకు ఊపు వస్తుందేమో గానీ నిజం పోతుంది.

ఇంకొకటి మరీ మరీ చెబుతున్నాను. ఈ మాటల్ని ఏ కులానికీ, ఏ ఊరికీ అంటగట్టకు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. ఫలానా జాతిలో పుట్టినవాళ్ళంతా పుట్టుకతోనే దొంగలని దాని తాత్పర్యం. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. దాని నీడలోనే బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. ఎరుకలవాళ్ళను అక్కడ ఉంచి హాజరు పట్టీలతో కాపలా కాశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ ముద్ర మాత్రం మన రాతల్లో, మన సినిమాల్లో ఇంకా చెరగలేదు. ఆ ఊళ్ళో పుట్టి చదువుకున్న పిల్లలు ఉద్యోగానికి వెళ్ళి ఊరి పేరు చెప్పడానికి వెనకాడాల్సి వస్తే ఆ పాపంలో మన కలానికీ వాటా ఉంటుంది. ఒక జాతి మొత్తం గౌరవాన్ని దోచుకున్నది ఆ చట్టం, ఆ చట్టం చేసినవాళ్ళు. ఆ వార్త రాసేటప్పుడు దోపిడీ అన్న మాటను అక్కడ వాడు.

ప్రకృతి విషయంలో కూడా జాగ్రత్త. 'వాన బీభత్సం సృష్టించింది' అన్న వాక్యం ప్రతి వర్షాకాలం మన పేజీల్లో కనబడుతుంది. ఇంగ్లీషు వార్త నుంచి అలాగే దింపుకున్న వాక్యం అది. వాన ఎవరినీ దోచదు. దానికి కసి లేదు, వాటా లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడి, ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేలమంది పోయారు. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఉప్పెన. ఆ మాట వింటే చాలు, కృష్ణా జిల్లాలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వరద వస్తే ఎన్ని ఎకరాల వరి మునిగింది, ఎన్ని గొడ్లు పోయాయి, ఏ గట్టు తెగింది అని రాయి. ఆ గట్టు బాగుచేయడానికి ఇచ్చిన డబ్బు ఎవరైనా తినేసి ఉంటే, అప్పుడు ఆ మనిషి గురించి దోపిడీ అని రాయి. వాన మీద నెట్టేస్తే తిన్నవాడు తప్పించుకుంటాడు.

నీ పై అధికారులు శీర్షికలో దమ్ము కావాలంటారు, నాకు తెలుసు. వాళ్ళతో గొడవ పడమనను. మర్యాదగా ఇంకో మాట చూపించు. సినిమాకు 'భారీ వసూళ్ళు' అను, 'రికార్డు వసూళ్ళు' అను, 'జనం పోటెత్తారు' అను. మన తెలుగులో ఉత్సాహం చెప్పే మాటలకు కరువు లేదు. పది శీర్షికల్లో రెండు నీ మాట నిలిచినా చాలు. నీతోపాటు పనిచేసే పిల్లలకు కూడా నెమ్మదిగా చెప్పు. భాషను కాపాడటం పండితుల పని అనుకుంటాం గానీ, ఇవాళ తెలుగు మాటకు ఏ అర్థం నిలవాలో తేలుస్తున్నది రాత్రిపూట డెస్కులో కూర్చుని శీర్షికలు పెట్టే మీలాంటి పిల్లలే.

కాబట్టి తల్లీ, గెలిచినవాణ్ణి పొగడటానికి కొల్ల అన్న మాట ఖర్చు చేయకు. సొమ్ము, పంట, భూమి, పరువు ఎవరి దగ్గర నుంచి బలవంతాన లాక్కున్నారో వాళ్ళ కోసం దాన్ని అట్టేపెట్టు. అలాంటివాళ్ళు నీ పత్రిక గడప తొక్కిన రోజున ఆ మాటను నిండు అర్థంతో, దోచినవాడిని కర్తగా పెట్టి, ధైర్యంగా రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య